చలిదేశపు తీగలు

కుళాయి ఐదూ ఇరవైకి వస్తుంది, ఆరింటికల్లా పోతుంది. ఈ నలభై నిమిషాల్లో వంటింటి డ్రమ్ము నిండాలి, మేడ మీది ట్యాంకుకి నీళ్ళెక్కాలి, రెండు కూలర్లూ నింపాలి, అవి నిండుతుండగానే పెరట్లో పందిరి కింది ఆరు కివీ తీగలకి నీళ్ళు పొయ్యాలి. మిగతావాటికి గొట్టం పెట్టి వదిలేస్తే వాటంతటవే నిండుతాయి. తీగలకి అలా కాదు. వాటి వేళ్ళు పైపైనే ఉంటాయి, ధార గట్టిగా తగిలితే మట్టి కొట్టుకుపోయి బయటపడతాయి. అందుకని కుముదిని పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, ధారని జల్లు చేసి, మొదలుకి జానెడు దూరంలో చుట్టూ పరిచిన వరిగడ్డి మీద పడేలా ఒక్కో తీగ దగ్గరా ఐదేసి నిమిషాలు నిలబడుతుంది. వంగి నిలబడాలి. ఆరు తీగలూ అయ్యేసరికి నడుములో ఒక నరం గుంజుతుంది. ఏప్రిల్ నెలాఖరు. భిలాయిలోని వైశాలి నగర్ మేడల మీద ఆరు కాకుండానే ఎండ తెల్లగా దిగిపోతోంది.

ఆ బుధవారం ఆమెకి నడుము మీద ధ్యాస లేదు. ముందురోజు సాయంత్రం భర్త యుగంధర్ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. అతను ఆ మాట గొంతు పెంచి అనలేదు. కోపంతో అనలేదు. సమోసా తింటూ అన్నాడు.

కుముదిని పనిచేసే ప్రైవేటు స్కూల్లో ఆమె పదకొండేళ్ళుగా బయాలజీ ల్యాబ్ అసిస్టెంటు. పేరుకే అసిస్టెంటు. ఉల్లిపొర ఎలా ఒలవాలో, దాని మీద రంగు ఎంతసేపు ఉంచాలో, సూక్ష్మదర్శినిలో ఏది గాలిబుడగో ఏది కణమో పిల్లలకి చెప్పేదంతా ఆమే. రికార్డుల మీద సంతకం మాత్రం లెక్చరర్ రాజేశ్ సార్‌ది. పిల్లలు ఆమెని ‘ల్యాబ్ వాలీ మేడం’ అంటారు, వాళ్ళని చూసి టీచర్లూ అలాగే అంటారు. ఒక వార్షికోత్సవంలో మొదటి బహుమతి వచ్చిన మొక్కల ప్రాజెక్టు మొత్తం తను చేయించింది. స్టేజీ మీదకి రాజేశ్ సార్ వెళ్ళాడు, తను కిందనించి పూలదండల పళ్ళెం అందించింది. పెళ్ళికి ముందు దుర్గ్ కాలేజీలో బాటనీ ఎమ్మెస్సీ ఫస్ట్‌క్లాసులో పాసయిన సంగతి ఆమె ఎప్పుడైనా చెప్పబోతే వినేవాళ్ళకి అది పాత ఊరి కబురులా ఉండేది. ఇప్పుడు రాజేశ్ సార్ ఏదో కోచింగ్ సెంటరుకి వెళ్ళిపోయాడు. మంగళవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ శుక్లా మేడం ఆమెని గదిలోకి పిలిచి కూర్చోమంది. పదకొండేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

“కుముదినీజీ, పదకొండూ పన్నెండూ క్లాసులు మీరే తీసుకోండి. అసలు పాఠం ఎవరు చెప్తున్నారో నాకు తెలీదనుకున్నారా?” అంది శుక్లా మేడం హిందీలో. అయితే మేనేజిమెంటు ఒక షరతు పెట్టింది. బిలాస్‌పూర్‌లో మే ఐదు నుంచి ఇరవయ్యైదు దాకా టీచర్ల శిక్షణ ఉంది, అక్కడే హాస్టల్లో ఉండాలి. అది పూర్తి చేసివస్తే జూన్ నుంచి లెక్చరర్. పేరు సోమవారం లోపల పంపాలి.

కుముదిని దార్లో సుపేలా బజార్లో ఆటో ఆపించి వేడివేడి సమోసాలు కట్టించుకుని ఇంటికొచ్చింది. యుగంధర్ స్టీల్ ప్లాంటు నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఫర్నేసు విభాగంలో ఆఫీసరు, యాభై నాలుగేళ్ళు. పక్కనే దివాన్ మీద అత్తగారు గౌరీదేవి టీవీ చూస్తోంది. కుముదిని నిలబడే మొత్తం చెప్పింది, ఊపిరి తీసుకోకుండా.

“మంచిదే,” అన్నాడు యుగంధర్, సమోసా కొరుకుతూ. “ఎప్పుడూ?”

చెప్పింది. అతను నమలడం ఆపాడు.

“మే నెలలోనా? మరి తీగలకి నీళ్ళెవరు పోస్తారు?”

వంటెవరు చేస్తారని అడిగినా ఆమెకి ఇంత అనిపించేది కాదు. అత్తయ్యని ఎవరు చూస్తారన్నా సరేలే, పెద్దావిడ అని సర్దుకునేది. అసలు నువ్వు లేకపోతే నాకు తోచదు అని అబద్ధానికైనా అని ఉంటే ఈపాటికి ఆ శిక్షణ సంగతి తనే మానుకుని ఉండేదేమో, తన సంగతి తనకి తెలుసు. అతను అడిగింది తీగల గురించి. పైగా ఎంతో న్యాయమైన ప్రశ్న అడిగినట్టు ఆమె మొహంకేసి చూశాడు. గౌరీదేవి టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “అవునమ్మా, ఎండల్లో వెళ్ళిపోతే అవేటవుతాయి, మాడిపోవూ?” అంది.

ఆ తీగలు ఆ ఇంటికొచ్చి పధ్నాలుగు నెలలయింది. కిందటేడాది ఫిబ్రవరిలో యుగంధర్ ప్లాంటు స్నేహితులతో హిమాచల్ యాత్రకి వెళ్ళాడు. భార్యలు కూడా వెళ్ళారు. సరిగ్గా అప్పుడే అత్తగారి కంటికి శుక్లం ఆపరేషన్ పడటంతో కుముదిని ఉండిపోయింది. వస్తూ వస్తూ తడిగోనెలో చుట్టిన ఆరు మొక్కలు పట్టుకొచ్చాడు. “మామూలు కివీ కాదు కుముదా, హార్డీ కివీ! కాయ ద్రాక్షపండంతే ఉంటుంది, నూగుండదు, తొక్కతో సహా తినీవచ్చు. భిలాయిలో ఎవరింట్లోనూ లేదు. హార్డీ అంటే తెలుసా? దేన్నైనా తట్టుకుంటుంది.”

“చలిని తట్టుకుంటుందని ఆ పేరండీ,” అంది కుముదిని మొక్కని చేతిలోకి తీసుకుని వేళ్ళు చూస్తూ. “ఎండని కాదు. ఇది మంచుపడే చోట పెరిగే తీగ. శీతాకాలం పొడుగ్గా చలి తగిలితేగానీ పూత రాదు. మన ఊరి చలి సరిపోదు.”

“నువ్వు బాటనీ చదివి ఎన్నేళ్ళయింది? ఇప్పుడు రకాలన్నీ మారిపోయాయి. నేను వీడియోలు చూశాను.”

అక్కడితో ఆ చర్చ అయిపోయింది. ప్లాంటులో తెలిసినవాళ్ళ చేత ఇనప గొట్టాలు వెల్డింగ్ చేయించి అందమైన పందిరి వేయించాడు. గోతులు తవ్వించాడు. మొక్కలు పాతిన రోజు ఫొటోలు తీసి ఫోన్లోని తోటపని గ్రూపులో పెట్టాడు, నూట ముప్ఫై మంది చప్పట్లు కొట్టారు. మూడోరోజు నుంచి పొద్దున లేవలేదు. “ఎలాగూ నువ్వు కుళాయికి లేస్తావు కదా,” అన్నాడు. ఆ ‘ఎలాగూ’ అనే మాటతోనే ఇరవై అయిదేళ్ళుగా ఆ ఇంట్లో పనులు ఆమె చేతికి వచ్చిచేరాయి. ఎలాగూ బజారుకి వెళ్తావు కదా, ఎలాగూ పొయ్యి వెలిగించావు కదా, ఎలాగూ మెలకువగానే ఉన్నావు కదా. పిల్లకి జ్వరమైతే సెలవు ఆమే పెట్టేది, ల్యాబ్ అసిస్టెంటే కదా, ఎలాగూ పెద్ద పనేం ఉండదు.

మొదటి వేసవిలో ఆ ఆరూ చావాల్సినవే. ఏప్రిల్‌లో ఆకుల అంచులు కాగితం కాలినట్టు ముడుచుకున్నాయి. కుముదిని తను చదివిందంతా గుర్తు తెచ్చుకుంది. పడమటి వైపు ఆకుపచ్చ నెట్ కట్టింది. పాత కార్మికుల బస్తీ క్యాంప్ వన్‌లో ఉన్న తండ్రి చేత వరిగడ్డి తెప్పించి మొదళ్ళ చుట్టూ పరిచింది. స్కూలు నుంచి రాగానే చీర మార్చుకోకుండా తడిగోనెలు తెచ్చి నెట్‌కి కట్టేది, లూ అనే అక్కడి వేసవి వడగాలి వాటి మీంచి వీచి కాస్త చల్లబడేలా. సాయంత్రం బాల్చీలతో రెండోసారి నీళ్ళు. కాయవని తెలుసు. కానీ ఒక మొక్క కళ్ళముందు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకి చేతకాదు. ఆ చేతకానితనం మీదే ఇల్లంతా నడుస్తోందని ఈ మధ్య ఆమెకి అనిపిస్తోంది.

యుగంధర్ చెడ్డవాడు కాదు. కుముదినికి ఎప్పుడూ అదే చిక్కు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. నువ్వు అదృష్టవంతురాలివని వాళ్ళూ వీళ్ళూ అంటుంటే తలూపడం తప్ప ఏం చెప్పగలదు? కొట్టే మొగుడి మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. “మరి నీళ్ళెవరు పోస్తారు” అన్న మొగుడి మీద ఏమని చెయ్యాలి, ఎవరికి చెయ్యాలి?

బుధవారం నుంచి శనివారం దాకా ఆమె తన బదులు మనిషిని వెతికింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి సిగ్గేస్తుంది గానీ, అప్పుడు అదే దారి అనుకుంది. ముందు బంగార్రాజు అనే ప్లంబరుని పిలిపించింది. అతను పందిరి చుట్టూ తిరిగి చూసి, సన్నటి గొట్టాలు వేసి చుక్కచుక్కగా పడేలా అమర్చొచ్చు మేడం, ఒక్క రోజు పని అన్నాడు. యుగంధర్ సాయంత్రం వచ్చి, “ఆదివారం గ్రూపువాళ్ళు తోట చూడ్డానికి వస్తున్నారు. నల్లగొట్టాలు పాముల్లాగ అక్కడ పాకిస్తే ఏం బాగుంటుంది?” అన్నాడు. పుణెలో ఉద్యోగం చేస్తున్న కూతురు వాసవికి ఫోను చేసింది. వాసవి తెలుగులో మొదలుపెట్టి రెండో వాక్యానికి హిందీలోకి వెళ్ళిపోయే పిల్ల, తండ్రిని పాపా అంటుంది. “మమ్మీ, కంగ్రాట్స్! లేకిన్... పాపాకి వాటంటే ప్రాణం కదా. వచ్చే ఏడాది కూడా ఉంటుంది కదా ట్రైనింగ్, తబ్ కర్ లేనా?” అంది, అప్పుడు చేసుకోవచ్చు కదా అని. ఆ మాట పిల్ల నోట వినడం ఆమెకి అన్నిటికన్నా కష్టంగా తోచింది. తిట్టబుద్ధి కాలేదు. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ చూసింది అదే కదా.

శుక్రవారం స్కూలు నుంచి తిన్నగా క్యాంప్ వన్‌కి వెళ్ళింది. తండ్రి అప్పలసూరి ప్లాంటు కోక్ ఓవెన్లలో కలాసీగా, బరువు పనులు చేసే కూలీగా చేసి రిటైరయినవాడు. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చినా మాట మారలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కూతురు చెప్పిందంతా విని, “మేస్టారమ్మవి అయిపోతన్నావన్నమాట!” అని బోసినోటితో నవ్వాడు. తర్వాత, “ఇదేటే అమ్మా, ఈ క్యాంపులో తాగడానికి నీళ్ళకి లైన్లో నిలబడి మీ అమ్మ నడుం ఇరిగిపోనాది. మీరు కాయని తీగలకి ఇన్నేసి నీళ్ళు పోత్తారేటి?” అన్నాడు. గొంతు తగ్గించి, “పోనీ నానొచ్చి పోత్తాను. పొద్దున్నే సైకిలేసుకుని వచ్చీత్తాను. మూడు వారాలే గదా, నువ్వెల్లు,” అన్నాడు.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. కుముదిని వద్దు నాన్నా అంటూనే ఇంటికొచ్చి యుగంధర్‌తో ఆ సంగతి చెప్పింది, వింటే కాస్త నొచ్చుకుంటాడేమో, అయ్యో అంత పెద్దాయన ఎందుకు, నేనే చూసుకుంటాలే అంటాడేమో అని. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “ఇంకేం, బాగుంది కదా! ఆయనకీ కాలక్షేపం,” అన్నాడు. గౌరీదేవి మాత్రం మొహం ముడిచింది. “ఆయన రోజూ సైకిలు మీద మనింటికొస్తే చుట్టుపక్కలవాళ్ళు ఏటనుకుంటారు? పెరటి వేపు నుంచి రమ్మను.”

ఆ రాత్రి అన్నాలయ్యాక కుముదిని, తండ్రి రావడానికి వీల్లేదని చెప్పేసింది. “అయితే నీ ఇష్టం,” అన్నాడు యుగంధర్. అంటే వెళ్ళొద్దని అతను అనలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. అందరూ ఆమె ఇష్టానికే వదిలేశారు, దాని కాళ్ళకి ఆరు తీగలు కట్టి.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి తోటపని గ్రూపువాళ్ళు పన్నెండు మంది వచ్చారు. వాళ్ళతో ఉద్యానశాఖలో రిటైరయిన తివారీజీ అనే పెద్దాయన కూడా వచ్చాడు. కుముదిని నాలుగున్నరకే లేచి పందిరంతా తడిపి, ఎండిన ఆకులు గిల్లి, పకోడీలకి ఉల్లిపాయలు తరిగి, మామిడికాయలు ఉడకబెట్టి పానకం చేసింది. యుగంధర్ ఇస్త్రీ కుర్తా వేసుకుని పందిరి కింద నిలబడ్డాడు. ఆకులు పచ్చగా, అరచేతులంత వెడల్పుగా గొట్టాలకి అల్లుకుని ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి, అది ఆమె కూడా కాదనదు.

తివారీజీ ఆకు తిప్పి చూశాడు. వంగి గడ్డి కింద మట్టి వేలితో తడిమాడు. “ఈ ఊళ్ళో వీటిని రెండో వేసవి దాకా తెచ్చారంటే మామూలు విషయం కాదు. ఎలా చేశారు?” అని హిందీలో అడిగాడు.

“తపస్యా హై సర్,” అన్నాడు యుగంధర్ నవ్వుతూ. “సుబహ్ పాంచ్ బజే ఉఠ్‌కర్ మై ఖుద్ పానీ దేతా హూఁ. ఏక్ దిన్ భీ నాగా నహీ కియా.”

రోజూ ఐదింటికి లేచి తనే నీళ్ళు పోస్తాడట, ఒక్కరోజు కూడా తప్పలేదట. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో అబద్ధమాడుతున్న మనిషి బెరుకు ఇసుమంత కూడా లేదు. కుముదిని గ్లాసుల పళ్ళెం పట్టుకుని మూడడుగుల దూరంలో ఉంది. ఆమెకేసి ఒక చూపు చూసి సర్దుకోవాలని కూడా అతనికి తోచలేదు. తన ఇంట్లో నీళ్ళు పడ్డాయంటే తనే పోసినట్టు.

“వీటిలో మగ తీగ ఏది?” అని తివారీజీ అడిగాడు. “మగదీ ఆడదీ రెండూ ఉంటేగానీ కాయదు కదా.”

యుగంధర్ తడబడ్డాడు. ఏదో ఒకటి చూపించబోయాడు. కుముదిని నోట మాట దానంతటదే వచ్చింది. “నర్సరీవాళ్ళు కట్టిన చీట్లు దార్లోనే ఊడిపోయాయి సర్. పూస్తేగానీ ఏది మగదో ఏది ఆడదో తెలియదు. పూతకి ఇక్కడి చలి చాలదు, ఒక శీతాకాలం మొత్తం చూశాను, ఒక్క మొగ్గ కూడా రాలేదు.”

తివారీజీ కళ్ళజోడు సవరించుకుని ఆమెకేసి తిరిగాడు. “సరిగ్గా చెప్పారు. మీకు ఇదంతా ఎలా తెలుసు మేడం?”

ఆమె నోరు తెరిచేలోపల యుగంధర్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఎంతో ముద్దుగా వేశాడు. “మైనే హీ సిఖాయా హై సర్,” అన్నాడు. “ధీరే ధీరే సబ్ సీఖ్ గయీ.”

నేనే నేర్పాను, మెల్లమెల్లగా అన్నీ నేర్చుకుంది. పన్నెండు మందీ నవ్వారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కుముదిని పళ్ళెం తీసుకెళ్ళి అరుగు మీద పెట్టింది. ఒక్క గ్లాసు కూడా తొణకలేదు. ఆ సమయంలో తన చేతులు అంత నిలకడగా ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. నాలుగురోజులుగా లోపల ఉడుకుతున్నదేదో ఒక్కసారి చల్లబడి గట్టిపడింది.

మధ్యాహ్నం అన్నాలు వడ్డిస్తూ మామూలు గొంతుతో చెప్పింది. “రేపు నా పేరు పంపిస్తున్నాను. ఐదో తారీకున బిలాస్‌పూర్ వెళ్తున్నాను.”

“మరి తీగలు?” అన్నాడు యుగంధర్.

“తీగలకేం? రోజూ ఐదింటికి లేచి మీరే నీళ్ళు పోస్తున్నానని అంతమంది ముందు చెప్పారు కదా. ఒక్కరోజు కూడా తప్పలేదన్నారు. ఇంక నాకేం బెంగ?”

గౌరీదేవి కోడలి మొహంలోకి చూసింది, వెటకారమేమో అని. కుముదిని మొహంలో ఏమీ కనపడలేదు. చారు గిన్నె అత్తగారి వైపు జరిపింది. యుగంధర్ పెరుగు కలుపుకున్నాడు. చివరికి, “అది ఏదో మాటవరసకి...” అన్నాడు. ఆమె ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

బిలాస్‌పూర్ హాస్టల్లో మొదటి వారమంతా ఐదూ ఇరవైకి మెలకువ వచ్చేసేది. ఎక్కడో కుళాయి చప్పుడైతే గబుక్కున లేచి కూర్చునేది. రెండోరోజు యుగంధర్ ఫోను చేసి ఒక్కోదానికి ఎన్ని నిమిషాలని అడిగాడు, ఐదు అని చెప్పింది. నాలుగోరోజు గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అది కూడా చెప్పింది. తర్వాత తీగల గురించి అడగలేదు, ఆమె కూడా అడగలేదు. అడగకుండా ఉండటానికి పళ్ళబిగువున కూర్చోవాల్సి వచ్చేది. రెండో వారంలో లూ గట్టిగా కొట్టింది. క్లాసులో కూర్చున్నా కిటికీలోంచి వేడిగాలి మొహానికి తగిలినప్పుడల్లా ఆమెకి నెట్‌కి గోనెలు కట్టలేదని గుర్తొచ్చేది, పసిబిడ్డని ఎండలో వదిలి వచ్చినట్టుండేది. వాసవి ఫోన్ చేసి, “పాపా చిక్కిపోయినట్టున్నారు మమ్మీ,” అంది. నువ్వెలా ఉన్నావని అడగడం మరిచిపోయింది. ఆ సాయంత్రం కుముదిని బ్యాగు సర్దేసుకుందామా అని కూడా అనుకుంది. మర్నాడు ఆమె నమూనా పాఠం చెప్పాల్సిన రోజు. ఒక మందారపువ్వు పట్టుకుని నిలువుగా కోసి, నలభై మంది టీచర్ల ముందు ఇరవై నిమిషాలు మాట్లాడింది. పాఠం అయ్యాక వెనక బల్లలో ఒకావిడ లేచి, “కుముదినీ మేడం, ఒక ప్రశ్న,” అంది. కుముదినీ మేడం! బ్యాగు సర్దలేదు.

ఇరవయ్యారో తారీకు మధ్యాహ్నం భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగి ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆమె మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఎండిపోయి ఉంటాయి. ఎన్ని పోయుంటాయో. ‘నువ్వు వెళ్ళబట్టే’ అంటారు. అంటే ఏమనాలి? ఏమీ అనకూడదు. గేటు తీసి సామాను కూడా దించకుండా పక్కసందులోంచి పెరట్లోకి నడిచింది.

ఆరూ పచ్చగా ఉన్నాయి. కొత్త గడ్డి పరిచి ఉంది. నెట్ చుట్టూ గోనెలు వరసగా కట్టి ఉన్నాయి, తను కట్టేదానికన్నా నీటుగా. రెండు తీగలకి కొత్త చిగుళ్ళు కూడా వచ్చాయి. ఆమెకి ముందు సంతోషమే కలిగింది. పోయి ఒక చిగురు ముట్టుకుంది.

గౌరీదేవి వెనకాలే వచ్చింది. “చూసేవా కుముదినీ! మావాడు ఒక్కటీ పోనివ్వలేదు. ఐదింటికే లేచీవాడు పాపం. మధ్యలో గాలి మరీ గట్టిగా కొట్టిందని మూడ్రోజులు డ్యూటీకి సెలవు కూడా పెట్టీసేడమ్మా!”

కుముదిని చెయ్యి చిగురు మీదే ఆగిపోయింది.

నాలుగేళ్ళ కిందట ఆమెకి గర్భసంచి తీసేశారు. ఆపరేషనైన మర్నాడే యుగంధర్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఫర్నేసు షట్‌డౌన్, సెలవు దొరకదు, ఏం చేస్తాను చెప్పు, అన్నాడు. ఆమె నిజంగానే జాలిపడింది. ఆస్పత్రి నుంచి వచ్చిన ఐదోరోజు కుట్లు పట్టుకుని వంటింట్లో నిలబడి అన్నం వార్చుకుంది. సెలవు దొరకదన్న మాటని ఎండ కాస్తుందన్నంత మామూలుగా నమ్మింది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట మీద అనుమానం రాలేదు.

తీగలు ఎండిపోయి ఉంటే ఏడ్చేది. తప్పంతా తనదే అనుకునేది. మళ్ళీ పైపు పట్టుకునేది, ఇంకెప్పుడూ వదలకుండా. అవి బతికాయి. బతికాయి కాబట్టి తెలిసింది, ఆయనకి ఐదింటికి లేవడం వచ్చు. వంగడం వచ్చు. గోనెలు తడపడం, ఎండకి బెంగపడటం, సెలవడగడం అన్నీ వచ్చు. ఇన్నేళ్ళూ ఆయనకి చేతకాదని తను అనుకున్న పనుల్లో ఒక్కటి కూడా చేతకానిది కాదు. అరుగు మీద కూర్చుండిపోయింది. అత్తగారు మంచినీళ్ళు ఇవ్వమంటావా అని అడిగితే ఇవ్వండి అంది. అది కూడా మొదటిసారే.

సాయంత్రం యుగంధర్ వస్తూనే ఆమెని పందిరి దగ్గరికి తీసుకెళ్ళాడు. నిజంగానే కాస్త చిక్కాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. మెప్పుకోసం చిన్నపిల్లాడిలా చూశాడు.

“బాగా చూశారు,” అంది కుముదిని. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

“అసలిందులో ఏముంది చెప్పు, పొద్దున్నే అరగంట పని. నువ్వే ఏదో పెద్దది చేసుకున్నావు,” అని నవ్వాడు. “సరే, రేపట్నించి నువ్వు చూసుకో. మూడు వారాలై నాకు నిద్ర లేదు.”

“లేదండీ. మీకు వచ్చింది కదా, మీరే పొయ్యండి.”

“ఏమిటీ?”

“తీగలు మీవి. కూలర్లు, డ్రమ్ము, ట్యాంకు నేను చూస్తాను. తీగల దగ్గరికి నేను రాను.”

తలుపు దగ్గర్నుంచి గౌరీదేవి, “ఇదేటమ్మా, బిలాస్‌పూర్‌లో ఇదేనా నేర్పింది?” అంది. యుగంధర్ ఆమె మొహంలో నవ్వు కోసం వెతికాడు. దొరక్క, “అలసిపోయినట్టున్నావు, పొద్దున మాట్లాడుకుందాంలే,” అని లోపలికెళ్ళాడు.

పొద్దున కుళాయి వచ్చింది. ఆమె డ్రమ్ముకి గొట్టం పెట్టింది, మోటారు వేసింది, కూలర్లు నింపింది. యుగంధర్ గది తలుపు వేసే ఉంది. ఆమె పిలవలేదు. టీ పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. ఆ వేళప్పుడు ఆ మెట్టు మీద ఎప్పుడూ కూర్చోలేదు, చల్లగా బాగుంది. ఐదూ నలభై అయింది. పందిరి కేసి చూడకూడదనుకుంటూనే చూసింది. ఐదూ నలభై ఐదుకి చెప్పుల చప్పుడు వినిపించింది. యుగంధర్ ఉబ్బిన కళ్ళతో, జుట్టు చెదిరిపోయి, ఆమెని దాటుకుంటూ వెళ్ళి పైపు అందుకున్నాడు. కోపంగా, గబగబా, ఒకదాని తర్వాత ఒకటి తడిపాడు. ఐదోది అవగానే కుళాయి కట్టేసి పైపు చుట్టేశాడు. గోడవార ఉన్న ఆరోది అలాగే పొడిగా ఉండిపోయింది. అతను వెనక్కి తిరిగాడు, ఏదో అంటుందని ఒక్క క్షణం ఆగాడు కూడా. ఆరోది మిగిలిందన్న మాట కుముదిని నాలుక చివరిదాకా వచ్చింది. కప్పులో ఇంకా సగం టీ ఉంది. తాగింది.